రాజు లెక్కలు చూసిన బిషప్పు: సాలిస్‌బరీ రోజర్ ఎదుగుదల, పతనం

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ఎక్కడ చూసినా బిషప్పే మంత్రి, బిషప్పే జడ్జి, బిషప్పే ఖజానా అధికారి. చర్చి మనిషికి రాజుగారి లెక్కలతో ఏం పని అన్నది మొదటిది. అలాంటి ఒకరి జీవితం మొదటి నుంచి చివరిదాకా చెప్పమన్నది రెండోది. సాలిస్‌బరీ బిషప్ రోజర్‌ని 1139లో స్టీఫెన్ రాజు అరెస్టు చేయించడం న్యాయమేనా అన్నది మూడోది. మూడింటికీ రోజర్ కథలోనే జవాబు ఉంది కాబట్టి ఆయన్నే పట్టుకుని చెబుతాను. నేను ఖజానా శాఖలో పని చేసినవాణ్ణి, ఇంగ్లండ్ పాత రెవెన్యూ పద్ధతుల మీద చాలా ఏళ్లుగా చదువుతున్నాను. అందుకని లెక్కల భాగం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. అది అర్థం కాకపోతే ఈ మనిషి అర్థం కాడు.

ముందు మొదటి ప్రశ్న. రాజుకి చదవడం, రాయడం, లాటిన్ వచ్చినవాళ్లు కావాలి. ఆ కాలంలో వాళ్లు దొరికేది చర్చిలోనే. అందరూ చెప్పే కారణం ఇదే, కానీ ఇది సగమే. మిగతా సగం డబ్బుది. ఒక ప్రభువుకి పెద్ద పదవి ఇస్తే దానికి తగ్గ భూములు ఇవ్వాలి. ఆ భూములు అతని తరవాత కొడుక్కి, మనవడికి పోతాయి, రాజు చేతికి తిరిగి రావడం కష్టం. బిషప్పుతో ఆ బాధ లేదు. బిషప్పు పీఠానికి ఎప్పటి నుంచో మాన్యాలున్నాయి, ఆయన ఖర్చు అందులోంచే వెళ్లిపోతుంది. ఆయనకి చట్టప్రకారం వారసులుండరు. చనిపోతే కొత్త బిషప్పు వచ్చేదాకా ఆ పీఠం ఆదాయం రాజే తీసుకుంటాడు, తరవాత ఇంకో నమ్మకమైన గుమాస్తాకి అదే పీఠం కట్టబెడతాడు. రాజు జేబులోంచి పైసా కదలకుండా జీతం, హోదా, రిటైర్మెంటు అన్నీ కుదిరిపోయే ఏర్పాటు ఇది. చర్చి ఈ ఏర్పాటుని గొణుగుతూనే భరించింది, ఎందుకంటే రాజు చెవిలో తన మనిషి ఒకడు ఉండడం దానికీ లాభమే.

ఇక రోజర్. ఇప్పటి ఫ్రాన్సులోని నార్మండీలో ఒక మామూలు పాదిరి. గొప్ప వంశం కాదు, గొప్ప చదువూ కాదు. కాన్ ఊరి దగ్గర చిన్న చర్చిలో ఉండేవాడని, దారిన పోతున్న యువరాజు హెన్రీ ప్రార్థన కోసం అక్కడ ఆగాడని, రోజర్ ఎంత వేగంగా పూజ ముగించాడంటే హెన్రీ వెంట ఉన్న సైనికులు 'మనకి ఇంతకంటే మంచి గురువు దొరకడు' అని మెచ్చుకుని వెంట తీసుకెళ్లారని ఒక కథ ఉంది. న్యూబర్గ్ విలియం అనే చరిత్రకారుడు 12వ శతాబ్దం చివర్లో, అంటే రోజర్ పోయిన అర్ధ శతాబ్దం తరవాత, రాసిన కథ ఇది. నేను దీన్ని చరిత్రగా తీసుకోను. రోజర్‌ని ఎరిగిన ఇంకో చరిత్రకారుడు మామ్‌స్‌బరీ విలియం వేరే సంగతి చెప్పాడు, అది నమ్మదగ్గది: హెన్రీ ఇంకా రాజు కాకముందు, చేతిలో డబ్బు ఆడని రోజుల్లో, ఇంటి ఖర్చంతా రోజర్ చేతికి అప్పగించాడు. రోజర్ దుబారా ఆపి ఇల్లు చక్కబెట్టాడు. రోజర్ ఎదుగుదల మొదలైంది అక్కడ.

1100 ఆగస్టు 2న విలియం రూఫస్ రాజు వేటలో బాణం తగిలి చనిపోయాడు. తమ్ముడు హెన్రీ నేరుగా వించెస్టర్ వెళ్లి ఖజానా చేజిక్కించుకుని, ఆగస్టు 5కల్లా కిరీటం పెట్టుకున్నాడు. వెంటనే కాకపోయినా త్వరలోనే రోజర్ చాన్సలర్ అయ్యాడు, అంటే రాజముద్ర చూసే అధికారి. 1102లో సాలిస్‌బరీ బిషప్పుగా రాజు ఎంపిక చేశాడు. కానీ అభిషేకం మాత్రం అయిదేళ్లు ఆగిపోయింది. బిషప్పుకి ఉంగరం, దండం ఇచ్చే హక్కు రాజుదా పోపుదా అన్న గొడవ అప్పుడు యూరప్ అంతా నడుస్తోంది. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అన్సెల్మ్ రాజు చేతుల మీదుగా పదవి పొందినవాళ్లని అభిషేకించనన్నాడు. 1107లో రాజీ కుదిరింది: ఉంగరం, దండం రాజు ఇవ్వడు, కానీ భూముల కోసం బిషప్పు రాజుకి విధేయత చెబుతాడు. ఆ ఆగస్టు 11న కాంటర్‌బరీలో ఒకేసారి అయిదుగురు బిషప్పులకు అభిషేకం జరిగింది, అందులో రోజర్ ఒకడు. ఈ రాజీ షరతు గుర్తుపెట్టుకోండి. ఒకే మనిషి చర్చికి బిషప్పు, రాజుకి నౌకరు. ముప్పై రెండేళ్ల తరవాత రోజర్ మెడకి చుట్టుకున్నది ఈ రెండో సగమే.

ఇప్పుడు అసలు పని. హెన్రీకి నార్మండీ కూడా ఉంది, ఏళ్ల తరబడి సముద్రం అవతలే ఉండేవాడు. రాజు లేనప్పుడు కూడా ఇంగ్లండ్‌లో డబ్బు వసూలవ్వాలి, తగాదాలు తీరాలి. దానికి కావలసిన యంత్రాంగం రోజర్ నడిపించాడు. దాని పేరు ఎక్స్‌చెకర్. 1110 ప్రాంతంలో ఈ పేరు మొదటిసారి కనబడుతుంది. దాన్ని రోజరే కనిపెట్టాడని ఖాయంగా చెప్పలేం, కానీ దానికి క్రమం, కాఠిన్యం తెచ్చింది ఆయనే అన్న మాటలో నాకు అనుమానం లేదు. అది ఎలా పనిచేసేదో ఆయన అన్నదమ్ముల వంశంలోని మనవడి వరస రిచర్డ్, 1170ల చివర్లో, వివరంగా రాసి పెట్టాడు కాబట్టి గదిలో కూర్చున్నట్టే చూడగలం.

పది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు బల్ల. చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తు అంచు, పైన పెట్టినవి జారి పడకుండా. దాని మీద నల్ల గుడ్డ, గుడ్డ మీద జానెడు ఎడంతో గీతలు. ఆ నిలువు గళ్లలో కుడి చివర పెన్నీలు, తరవాత షిల్లింగులు, తరవాత పౌండ్లు, ఇరవై పౌండ్లు, వందలు, వేలు. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. ఒక పక్క షెరీఫ్ కూర్చుంటాడు. అతను జిల్లా అధికారి, జిల్లా తరఫున రాజుకి కట్టాల్సిన కౌలు సొమ్ముకి జవాబుదారీ. ఎదురుగా రాజు మనుషులు. ఖజానా అధికారి బాకీలు పైకి చదువుతుంటే లెక్కగాడు బిళ్లలు తీసి పై వరసలో పేరుస్తాడు. షెరీఫ్ కట్టింది కింది వరసలో పేరుస్తాడు. పై దానిలోంచి కింది దాన్ని తీసేస్తే మిగిలిందే బకాయి. ఏమీ మిగలకపోతే గుమాస్తా పద్దులు రాసే తోలు చుట్టలో 'చెల్లు' అని రాస్తాడు.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆపేసే విషయం ఒకటుంది. రాతలో వాళ్లు వాడింది రోమన్ అంకెలు. వాటితో కూడికే కష్టం. వాళ్లకి సున్నా లేదు. మన దేశపు అంకెలు అరబ్బుల మీదుగా అప్పుడప్పుడే లాటిన్ పండితుల చేతికి అందుతున్నాయి. కానీ ఆ బల్ల మీద ఖాళీగా వదిలిన గడి సున్నా పని చేస్తుంది. చదువురాని షెరీఫ్ కూడా తన బాకీ ఎంతో, తను కట్టింది ఎంతో కళ్లతో చూస్తాడు. లెక్క అందరి ముందూ, అందరికీ కనబడేలా జరగాలన్న ఆ పట్టుదల నాకు చాలా ఇష్టం.

మన పాత రెవెన్యూ పద్ధతి తెలిసినవాళ్లకి జమాబందీ గుర్తొస్తుంది: కరణాలు కట్టలు చంకన పెట్టుకుని వచ్చి, తాసిల్దారు ముందు పద్దు పద్దుకీ సమాధానం చెప్పుకునే ఆ రోజులు. షెరీఫుల టెన్షన్ కూడా అలాంటిదే. ఏడాదికి రెండుసార్లు రావాలి. ఈస్టర్‌కి సగం సొమ్ముతో, సెప్టెంబర్ 29న మైకేల్‌మస్ పండగకి మిగతా సగంతో పాటు పూర్తి లెక్కతో.

రసీదు కర్ర మీద ఇచ్చేవారు. చాచిన బొటనవేలు కొస నుంచి చూపుడువేలు కొస దాకా పొడవున్న కర్ర. వెయ్యి పౌండ్లకి అరచేతి మందం గాటు, వందకి బొటనవేలి మందం, ఇరవైకి చిటికెన వేలి మందం, ఒక పౌండుకి బాగా పండిన బార్లీ గింజంత. గాట్లు పెట్టాక కర్రని నిలువునా చీల్చి ఒక ముక్క కట్టినవాడికి, ఒక ముక్క ఖజానాకి. లెక్క రోజున రెండూ కలిపి చూస్తారు. ఒకడు దొంగతనంగా గాటు పెంచినా రెండో ముక్క ఒప్పుకోదు. పద్దుల చుట్టలు గొర్రె తోలు మీద రాసేవారు, ఎందుకంటే దాని మీద గీకి దిద్దితే మచ్చ పడి దొరికిపోతుంది. మోసం చేయాలనుకునేవాడు ఎక్కడ చేస్తాడో ముందే ఆలోచించి కట్టిన పద్ధతి ఇది.

రోజర్ సొంతంగా తెచ్చిన మార్పు ఒకటి రిచర్డ్ ప్రత్యేకంగా చెప్పాడు. షెరీఫులు తెచ్చే నాణేలు లెక్కకి సరిపోయేవి, తూకానికీ సరిపోయేవి, అయినా వెండి తక్కువ, రాగి ఎక్కువ ఉండేవి. అందుకని రోజర్ కరిగించి చూడాలన్నాడు. షెరీఫ్ తెచ్చిన కుప్పలోంచి 44 షిల్లింగుల నాణేలు విడిగా సంచిలో వేసి ముద్ర వేస్తారు. అందులోంచి 20 షిల్లింగులు, అంటే 240 పెన్నీలు, కొలిమికి వెళ్తాయి. షెరీఫ్ దగ్గరుండి చూస్తాడు. మలినం పోయాక మిగిలిన వెండి ముద్దని పౌండు తూకపురాయితో తూస్తారు. ఎన్ని పెన్నీల బరువు తగ్గితే, కుప్పలోని ప్రతి పౌండుకీ అన్ని పెన్నీలు షెరీఫ్ అదనంగా కట్టాలి. ఫలితం మీద తగాదా వస్తే మళ్లీ కరిగించడానికి సంచిలో ఇంకో 20 షిల్లింగులు ఉండనే ఉన్నాయి. ఆడిట్ అంటే కాగితం మీద మొత్తాలు సరిపోవడం కాదని, కాగితం వెనక ఉన్న సరుకు చూడడమని 900 ఏళ్ల కిందట ఒక బిషప్పుకి తెలుసు.

ఈ లెక్కల చుట్టల్లో హెన్రీ కాలానిది మనకి దక్కింది ఒక్కటే, 1130 మైకేల్‌మస్‌ది. దాని ప్రకారం ఒక్క ఏడాదిలో రాజుకి ముట్టింది 20,000 పౌండ్లకి పైనే. అందులో ఇంకో సంగతీ కనబడుతుంది: రాజు ఆజ్ఞతో భూమిపన్ను మాఫీ అయిన పెద్దల్లో సాలిస్‌బరీ బిషప్పు పేరు ఉంటుంది. లెక్క చూసే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి ఆ సౌకర్యం ఉండేది.

ఇదే మనిషి చేయించిన ఒక పని చెప్పకుండా దాటలేను. 1124లో పంటలు పాడై, నాణెం ఎంత చెడిపోయిందంటే సంతకి ఒక పౌండు పట్టుకెళ్లినవాడికి పన్నెండు పెన్నీల సరుకు కూడా రాలేదని పీటర్‌బరో మఠంలో రాసిన వార్షిక చరిత్ర చెబుతుంది. నార్మండీలో ఉన్న రాజు ఆజ్ఞ పంపాడు. ఆ క్రిస్మస్‌కి రోజర్ ఇంగ్లండ్‌లోని నాణేలు కొట్టేవాళ్లందరినీ వించెస్టర్‌కి పిలిపించాడు. ఒక్కొక్కణ్ణీ విడిగా తీసుకెళ్లి కుడిచెయ్యి నరికారు, వృషణాలు కోశారు. 1125 జనవరి మొదటి వారానికి అంతా అయిపోయింది. దేశాన్ని మోసం చేసినవాళ్లకి తగిన శాస్తి అని ఆ రాసిన సన్యాసి మెచ్చుకున్నాడు. మంచి పాలకుడు అంటూ రోజర్‌ని పొగిడే చాలామంది ఈ పేజీ తొందరగా తిప్పేస్తారు. విచారణలో ఎవరు దోషి, ఎవరు కాదు అని తేల్చినట్టు ఆ వార్షిక చరిత్రలో ఎక్కడా లేదు. పిలిచారు, కోశారు. కొలిమి పరీక్ష పెట్టినవాడు, షెరీఫ్‌కి రెండో అవకాశం ఉంచినవాడు, ఈ చేతివృత్తుల వాళ్లకి అది ఇవ్వలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

1120లలో రాజు ఇంగ్లండ్‌లో లేనప్పుడల్లా రోజరే రాజ్యం. తన పేరు మీదే ఆజ్ఞాపత్రాలు ఇచ్చేవాడు. రాజు తరవాత రాజు ఆయనే అని హంటింగ్‌డన్ హెన్రీ అనే ఆ కాలపు చరిత్రకారుడు రాశాడు. ఆ హోదాతో పాటు ఆస్తి, బంధుబలగం పెరిగాయి. అన్నదమ్ముల కొడుకు అలెగ్జాండర్ 1123లో లింకన్ బిషప్పు. ఇంకో అన్నదమ్ముల కొడుకు నైజెల్ ఖజానా అధికారి, 1133లో ఈలీ బిషప్పు. రామ్స్‌బరీ మటిల్డా అనే ఆవిడతో రోజర్ సంసారం చేశాడు. రోజర్ ల పోర్ అనే కొడుకు ఉన్నాడు. పాదిరులకి పెళ్లి కూడదని సభలు మీద సభలు పెట్టి తీర్మానిస్తున్న కాలంలో ఇది బహిరంగ రహస్యం. మొదట్లో చెప్పానే, బిషప్పుకి వారసులుండరని రాజులు లెక్క వేశారని. రోజర్ ఆ లెక్క తప్పించాడు.

కోటలు కూడా కట్టాడు. వేల్స్‌లో కిడ్‌వెల్లి, ఇంగ్లండ్‌లో షెర్‌బోర్న్, డివైజెస్. పాత సాలిస్‌బరీలో, అంటే ఇప్పుడు ఓల్డ్ సారమ్ అనే గుట్ట మీద, చర్చిని పెంచి కట్టించాడు, అక్కడి కోటా ఆయన చేతిలోనే ఉండేది. రాళ్ల అతుకులు కంటికి ఆనవు, గోడంతా ఒకే బండ అనిపిస్తుంది అని మామ్‌స్‌బరీ విలియం రాశాడు. ఈ సాక్షి గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. అతను మామ్‌స్‌బరీ మఠంలో సన్యాసి. 1118లో ఆ మఠానికి అధిపతి లేకుండా చేసి రోజర్ దాన్ని తన కిందికి తెచ్చుకున్నాడు, పైగా మఠం శ్మశానంలోనే, రాయి విసిరితే తగిలేంత దూరంలో, కోట కట్టడం మొదలుపెట్టాడు. అంటే విలియం రోజూ ఆ గోడల నీడలో బతికాడు. అతను తిట్టినప్పుడు కొంచెం తగ్గించుకుని, పొగిడినప్పుడు పూర్తిగా నమ్మి చదవడం నా పద్ధతి.

ఇక పతనం ఎలా వచ్చిందో చూద్దాం. 1120 నవంబర్‌లో శ్వేత నౌక అనే ఓడ మునిగి హెన్రీ ఏకైక సక్రమ కొడుకు చనిపోయాడు. మిగిలింది కూతురు మటిల్డా, జర్మన్ చక్రవర్తి భార్య, తరవాత విధవ. ఈమె వేరు, పైన చెప్పిన రామ్స్‌బరీ మటిల్డా వేరు. 1127 జనవరి 1న హెన్రీ ప్రభువుల చేత, బిషప్పుల చేత 'నా తరవాత నా కూతురే' అని ప్రమాణం చేయించాడు. రోజర్ కూడా చేశాడు. అప్పటికే రాజుకి, ఆయనకి మధ్య కొంచెం చల్లబడినట్టుంది. హెన్రీ తాను బందీగా పట్టుకున్న సొంత అన్న రాబర్ట్‌ని డివైజెస్‌లో రోజర్ కాపలాలో ఉంచాడు. 1126లో కూతురి సలహా మీద అక్కణ్ణుంచి తీసి తన అక్రమ సంతానమైన గ్లాస్టర్ ప్రభువు రాబర్ట్‌కి అప్పగించాడు. తరవాత మటిల్డాని నార్మండీ పక్కనున్న ఆంజూ ప్రాంతపు జెఫ్రీకి ఇచ్చి పెళ్లి చేశాడు. ఆంజూ వాళ్లంటే నార్మన్లకి పడదు. 'దేశం బయటివాడికి మమ్మల్ని అడక్కుండా ఇవ్వకూడదన్న షరతు మీద ప్రమాణం చేశాను, షరతు తప్పింది కాబట్టి నాకు బంధం లేదు' అని రోజర్ తరవాత అనడం తన చెవులతో విన్నానని విలియం రాశాడు. విలియం దాన్ని నమ్మలేదు, గాలివాటు మనిషి మాట అన్నాడు. నాకూ అది తరవాత వెతుక్కున్న సాకులానే కనబడుతుంది.

1135 డిసెంబర్ 1న హెన్రీ చనిపోయాడు. మేనల్లుడు స్టీఫెన్ సముద్రం దాటి వచ్చేశాడు. స్టీఫెన్ తమ్ముడు హెన్రీ అప్పటికే వించెస్టర్ బిషప్పు. అతని మాట మీద రోజర్ ఒప్పుకున్నాడు, ఖజానా తలుపులు తెరుచుకున్నాయి. డిసెంబర్ 22న స్టీఫెన్‌కి కిరీటం. రాజ్యం నడిపే మనిషి, నిండిన ఖజానా, పనిచేసే యంత్రాంగం, అన్నీ ఒక్క రోజర్ ఒప్పుకోలుతో స్టీఫెన్‌కి దక్కాయి. ప్రతిఫలంగా కొడుకు రోజర్ ల పోర్‌కి చాన్సలర్ పదవి, తనకి మామ్‌స్‌బరీ ఊరు వచ్చాయి. 'ఆయన అడగడంలో అలిసిపోవాలి గానీ నేను ఇవ్వడంలో అలిసిపోను, కాలం కలిసివచ్చేదాకా సగం ఇంగ్లండ్ అడిగినా ఇస్తాను' అని స్టీఫెన్ తన మనుషులతో అనేవాడట. ఆ 'కాలం కలిసివచ్చేదాకా' అన్న మాటలోనే అంతా ఉంది.

1139 నాటికి మటిల్డా సముద్రం దాటి దండెత్తుతుందన్న పుకార్లు మొదలయ్యాయి. మూలన్ ప్రభువు వాలరన్, లెస్టర్ ప్రభువు రాబర్ట్, ఈ కవల సోదరులు స్టీఫెన్ చెవిలో ఊదుతూ వచ్చారు: బిషప్పులు కోటల్లో సరుకు, ఆయుధాలు నింపుతున్నది మటిల్డా కోసమేనని. దానికి గట్టి ఆధారం ఏ చరిత్రకారుడూ చూపలేదు. జూన్‌లో స్టీఫెన్ ఆక్స్‌ఫర్డ్‌లో కొలువు పెట్టి రోజర్‌ని రమ్మన్నాడు. బయల్దేరుతూ రోజర్ 'నా మనసు ఒప్పుకోవడం లేదు, ఎందుకో తెలీదు. యుద్ధంలో గుర్రప్పిల్ల ఎంత పనికొస్తుందో ఆ కొలువులో నేనూ అంతే' అన్నాడని విలియం విన్నాడు. వయసు మీద పడింది, ఒంట్లో బాగాలేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో బస దగ్గర గొడవ మొదలైంది. బ్రిటనీ అలన్ అనే ప్రభువు మనుషులకి, బిషప్పుల మనుషులకి భోజనాల వేళ కొట్లాట. ఒక యోధుడు చచ్చిపోయాడు, అలన్ మేనల్లుడు చావు తప్పి బయటపడ్డాడు. ఇది ఎవరో కావాలని రగిలించిందని ఆనాడే అనుకున్నారు, నేనూ అలాగే అనుకుంటాను. రాజు కొలువులో శాంతి చెడగొట్టారు కాబట్టి పూచీగా కోటల తాళాలు ఇవ్వండి అన్నాడు స్టీఫెన్. బిషప్పులు తటపటాయించారు. రోజర్, ఆయన కొడుకు, అలెగ్జాండర్ అరెస్టయ్యారు. నైజెల్ ఊరి బయట దిగడం వల్ల తప్పించుకుని డివైజెస్ కోటలోకి దూరి తలుపులు వేసుకున్నాడు.

స్టీఫెన్ సైన్యంతో డివైజెస్ ముందుకి వచ్చాడు, బందీల్ని వెంట తెచ్చాడు. ముప్పై ఏళ్లు రాజ్యం నడిపిన రోజర్‌ని పశువుల కొట్టంలో పెట్టారు. అలెగ్జాండర్‌ని ఒక పాడు గుడిసెలో. కోటలో ముఖ్యమైన బురుజు రామ్స్‌బరీ మటిల్డా చేతిలో ఉంది. కోట అప్పగించేదాకా రోజర్‌కి తిండి లేదు. రాజే పెట్టనివ్వలేదని కొందరు, నైజెల్ మొండితనం కరగాలని తానే పస్తున్నాడని ఇంకొందరు రాశారు. అయినా నైజెల్ లొంగలేదు. అప్పుడు కోట వాకిట్లో ఉరికంబం వేసి, రోజర్ ల పోర్ మెడకి తాడు కట్టి నిలబెట్టారు. నిన్నటిదాకా రాజముద్ర చేతిలో ఉన్న చాన్సలర్ అతను. తల్లి బురుజు పైనుంచి చూస్తోంది. కన్నది నేను, నా వల్ల వీడు చావకూడదు అని ఆవిడ బురుజు అప్పగించిందని ఆర్డెరిక్ అనే ఆ కాలపు చరిత్రకారుడు రాశాడు. దాంతో నైజెల్ చేయగలిగింది ఏమీ లేకపోయింది. డివైజెస్ తరవాత షెర్‌బోర్న్, మామ్‌స్‌బరీ, అలెగ్జాండర్ కోటలు నెవార్క్, స్లీఫర్డ్ అన్నీ రాజు వశమయ్యాయి. లోపల ఉన్న డబ్బూ వశమైంది. ఆ డబ్బు స్టీఫెన్ తన కొడుక్కి ఫ్రాన్సు రాజు చెల్లెల్ని పెళ్లి చేయడానికి వాడాడని హంటింగ్‌డన్ హెన్రీ చెబుతాడు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, న్యాయమేనా అన్నది. ఈ వాదన ఆనాడే నిండు సభలో జరిగింది. 1139 ఆగస్టు 29న వించెస్టర్‌లో సభ పెట్టించింది రాజు సొంత తమ్ముడు, పోపు ప్రతినిధి హోదాలో ఉన్న బిషప్ హెన్రీ. బిషప్పుల మీద చెయ్యి వేసినందుకు రాజునే జవాబు అడిగాడు. రాజు తరఫున ఆబ్రీ డి వేర్ అనే ప్రభువు వాదించాడు. అతని వాదనలో పదునైన మాట ఒకటే: రోజర్‌ని అరెస్టు చేసింది బిషప్పుగా కాదు, రాజు పనులు చూసి రాజు జీతం తిన్న నౌకరుగా. 1107 నాటి రాజీలోని రెండో సగం సరిగ్గా ఇక్కడ బయటికొచ్చింది. రూయన్ ఆర్చ్‌బిషప్ హ్యూ ఇంకో అడుగు ముందుకేశాడు. బిషప్పులకి కోటలు ఉండాలని చర్చి చట్టంలో ఎక్కడుందో చూపించండి అన్నాడు. ఉండనిచ్చినా, రోజులు బాగాలేనప్పుడు దేశంలో పెద్దలందరూ తాళాలు రాజుకి అప్పగించాల్సిందే అన్నాడు. దానికి ఎవరి దగ్గరా సమాధానం లేకపోయింది. సభ ఏదీ తేల్చకుండా ముగిసింది.

నా అభిప్రాయం ఇది. కోటలు అడగడం రాజు హక్కే. హ్యూ వాదన గట్టిది. కానీ అడిగిన తీరు అన్యాయం. కొలువుకి పిలిచి, కొట్లాట సాకు చూపి, విచారణ లేకుండా పట్టుకోవడం, కొడుకు మెడకి తాడు వేసి తల్లిని బెదిరించడం ఏ చట్టంలోనూ లేదు. ఆక్స్‌ఫర్డ్ నుంచి వించెస్టర్ సభ దాకా రెండు నెలలు గడిచాయి, ఆ రెండు నెలల్లో రోజర్ ద్రోహానికి సాక్ష్యం ఒక్కటీ సభ ముందుకి రాలేదు. అలాగని రోజర్ అమాయకుడని నేను అనను. రాజ్యంలో ప్రతి పెన్నీకీ ఒక గాటు, ఒక పద్దు, ఒక సాక్షి ఉండాలని పట్టుబట్టిన మనిషి, తన అధికారానికి మాత్రం ఒక్క రాజు దయ తప్ప ఏ ఆధారమూ లేదని తెలిసి, దానికి బదులు రాతిగోడలు, చుట్టాల పదవులు పోగేసుకున్నాడు. స్టీఫెన్ మనుషులకి భయం పుట్టించినవి అవే. మటిల్డాకి చేసిన ప్రమాణం 1135లో అంత తేలిగ్గా వదిలేసినవాడు మళ్లీ వదలడని స్టీఫెన్ ఎందుకు నమ్మాలి? ఈ ప్రశ్నకి రోజర్ పక్షాన చెప్పగలిగిన జవాబు నాకు దొరకలేదు.

1139 డిసెంబర్‌లో, అరెస్టయిన ఆరు నెలలకి, రోజర్ చనిపోయాడు. చాలాకాలంగా వదలని చలిజ్వరం, దాని మీద ఈ దుఃఖం. మిగిలిన కొద్ది డబ్బు, పాత్రలు చర్చి కట్టడం పూర్తి చేయడానికని బలిపీఠం మీద పెట్టాడు. ఆయన ప్రాణం పోకముందే రాజు మనుషులు వచ్చి వాటిని కూడా పట్టుకుపోయారు.

అప్పటికి మటిల్డా ఇంగ్లండ్‌లో దిగి రెండు నెలలయింది. సెప్టెంబర్ చివర్లో అరండెల్‌కి వచ్చింది, ఆ తరవాత చాలా ఏళ్లు దేశంలో అంతర్యుద్ధం నడిచింది. రోజర్ అరెస్టే దానికి కారణమని పాత పుస్తకాలు రాసేవి. ఇప్పటి చరిత్రకారులు అంత దూరం వెళ్లరు, చాలామంది బిషప్పులు ఆ తరవాత కూడా స్టీఫెన్‌తోనే ఉన్నారని గుర్తు చేస్తారు. ఆ దిద్దుబాటు సరైనదే. కానీ ఖజానా వైపు నుంచి చూస్తే దెబ్బ మాత్రం నిజం. బల్ల, గుడ్డ, కర్రలు ఎవరైనా తయారు చేసుకోవచ్చు. ఏ జిల్లా ఎంత కట్టాలి, ఏ మాఫీ చెల్లుతుంది, ఏ షెరీఫ్ ఎలా దాస్తాడు అన్నది మనుషుల బుర్రల్లో ఉండేది, ఆ బుర్రలన్నీ ఒకే కుటుంబానివి. స్టీఫెన్ కాలం నాటి లెక్కల చుట్ట ఒక్కటీ మనకి మిగల్లేదు.

1154లో మటిల్డా కొడుకు రెండో హెన్రీ రాజయ్యాక ఆ యంత్రాంగాన్ని మళ్లీ నిలబెట్టాల్సి వచ్చింది. దానికి పిలిచింది ఎవర్నో కాదు, డివైజెస్‌లో తలుపులు వేసుకున్న నైజెల్‌నే. దాదాపు చచ్చిపోయిన ఎక్స్‌చెకర్ విద్యకి అతను మళ్లీ ప్రాణం పోశాడని రిచర్డ్ రాశాడు. ఆ రిచర్డ్ నైజెల్ కొడుకే, బిషప్పు కొడుకే. తండ్రి తరవాత దాదాపు నలభై ఏళ్లు రాజు ఖజానా చూశాడు. 1189లో అతనికి కూడా ఒక పీఠం ఇచ్చారు, లండన్ బిషప్పు. రెండో హెన్రీ పాలనలో రెండో ఏడాది నుంచి లెక్కల చుట్టలు మళ్లీ మొదలై 19వ శతాబ్దం దాకా, మధ్యలో ఒకటి రెండు తప్ప, వరసగా ఉన్నాయి.